తిరుపతి కార్లకు తగిన డిటైలింగ్ సామగ్రి: క్లీనర్లు, గుడ్డలు, మిషన్లు ఎంచుకునే పద్ధతి

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ కార్ డిటైలింగ్ (కారును లోపలా బయటా లోతుగా శుభ్రం చేసి మెరిపించే పని) అంగడి పెట్టదలచుకున్నవారు చాలామంది మొదట చేసే పని, ఆన్‌లైన్‌లో దొరికే స్టార్టర్ కిట్ ఒకటి తెప్పించుకోవడం. ఆ కిట్‌లోని పది పన్నెండు సీసాలలో సగం, ఏడాది గడిచినా మూత తీయకుండానే అలమరలో మిగిలిపోతాయి. నిజంగా పనికొచ్చే మూడు నాలుగు మాత్రం నెల తిరక్కముందే అయిపోతాయి. అందులోని సరుకు మంచిదే కావచ్చు, కానీ కొండ దిగి అలిపిరి మీదుగా వచ్చే కారులో ఏ మరకలుంటాయో ఆ కిట్ కట్టినవారికి తెలియదు. అందుకే ఈ మార్గదర్శిలో కొనుగోలును సీసాలతో మొదలుపెట్టడం లేదు. ముందు మురికి, తరువాత నీరు, ఆ తరువాతే క్లీనర్లు, గుడ్డలు, మిషన్లు అనే వరుసలో వెళదాం.

మొదటి మెట్టు: వచ్చే మురికిని రాసుకోండి

ఒక నోటుపుస్తకం పెట్టుకుని, పదిహేను రోజులపాటు మీ దగ్గరికి వచ్చిన ప్రతి కారులో ఏ మరక కనిపించిందో, ఎక్కడ కనిపించిందో రాయండి. అంగడి ఇంకా తెరవకపోతే, తెలిసిన ట్రావెల్స్ వారి షెడ్డుకు వెళ్లి, యాత్రికులను దింపి వచ్చిన కార్లను చూసినా సరిపోతుంది. నా పుస్తకంలో మొదటి పేజీల నిండా ఉన్నవి ఇవి: గుండు చేయించుకున్నవారు తలకు రాసుకున్న చందనం హెడ్‌రెస్టుల మీద, పైకప్పు లోపలి గుడ్డ మీద, లడ్డూ కవర్ల నుంచి కారిన నెయ్యి వెనుక సీట్ల మీద, డిక్కీ మ్యాట్ మీద, పులిహోర నూనె, ఘాట్ మలుపులలో తల తిరిగి పిల్లలు చేసుకున్న వాంతి, దిగువ ఘాట్ రోడ్డు పొడవునా బ్రేకు నొక్కుతూ రావడం వల్ల ముందు చక్రాలకు పట్టిన నల్లటి బ్రేక్ దుమ్ము. కాణిపాకంలోనో అలిపిరి దగ్గరో వాహన పూజ చేయించుకున్న కొత్త కార్ల బానెట్ల మీద పసుపు, కుంకుమ, కర్పూరపు మసి, దండ తీగ గీకిన సన్నని గీతలు ఉంటాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చే బండ్లకు గ్రానైట్ లారీల వెనుక లేచిన రాతిపొడి, వేసవిలో మామిడితోపుల్లో నిలిపినవాటికి చెట్ల బంక అంటుకుంటాయి.

ఈ జాబితా చేతిలో ఉంటే దుకాణదారుడు ఎన్ని సీసాలు చూపించినా, ‘ఇది నా పుస్తకంలోని ఏ మరకకు?’ అనే ఒక్క ప్రశ్నతో సగం పక్కన పెట్టవచ్చు.

రెండవ మెట్టు: నీటిని కొలవండి

మన ప్రాంతంలో చాలా షెడ్లు బోరు నీటి మీదే నడుస్తాయి. రాతినేలల్లో లోతుకు వేసిన బోర్ల నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువగా ఉండే అవకాశం ఉంది. ఎండలో కారు పైకప్పు మీద ఆరిన ఒక్కొక్క బొట్టు అంచుచుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది. దాన్ని అలాగే వదిలితే సున్నపు పొరలా గట్టిపడి, నల్ల కారు మీద తట్టు పోసినట్టు కనిపిస్తుంది. ఎంత ఖరీదైన షాంపూ వాడినా చివర పోసే నీరు ఇదే అయితే ఫలితం ఇదే.

కొన్ని వందల రూపాయలకు దొరికే టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు మొత్తం ఎన్నో చూపేది) ఒకటి కొనండి. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనిచోట 2000 వరకు అనుమతి ఉంది. మొత్తం కాఠిన్యానికి, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలకు, ఆ హద్దులు 200, 600. ఇవి తాగడానికి పెట్టిన హద్దులని, కారు చివరి కడుగుకు 500 కూడా ఎక్కువేనని గుర్తుంచుకోవాలి. టీడీఎస్ 50కి లోపు ఉన్న నీరు ఆరినా మరక దాదాపు కనిపించదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. సాఫ్ట్‌నర్ బిగించుకుంటే నీటి మరకల బాధ పూర్తిగా తీరుతుందనుకుంటారు. సాఫ్ట్‌నర్ కాల్షియం, మెగ్నీషియంలను తీసి వాటి స్థానంలో సోడియం పెడుతుంది. కాబట్టి నురుగు బాగా వస్తుంది, మరక కూడా సులభంగా తుడిస్తే పోతుంది, అయితే టీడీఎస్ మాత్రం తగ్గదు. లవణాన్నే తీసేయాలంటే ఆర్‌ఓ గానీ డీఅయనైజింగ్ రెజిన్ గానీ కావాలి. మొత్తం కారును ఆర్‌ఓ నీటితో కడగనవసరం లేదు. మొదటి కడుగు అంతా బోరు నీటితో చేసి, చివర పదిహేను ఇరవై లీటర్ల ఆర్‌ఓ నీటిని పైనుంచి కిందికి నెమ్మదిగా పారిస్తే చాలు. ఆర్‌ఓ వదిలేసే నీటిలో ఉప్పు మరింత చిక్కగా ఉంటుంది కనుక దాన్ని నేల కడగడానికి తప్ప కారుకు వాడకండి.

ఎండాకాలంలో నీటికి ఎద్దడి వచ్చే వీధిలో అంగడి ఉంటే రిన్స్‌లెస్ వాష్ ద్రావణం (తుడిచాక మళ్లీ నీళ్లు పోసి కడగనవసరం లేనిది) ఒకటి తప్పక ఉంచుకోండి. పది లీటర్ల నీటితో, తేలికపాటి దుమ్మున్న కారును శుభ్రంగా తుడిచివేయవచ్చు. రాతిపొడి దట్టంగా పట్టిన బండికి మాత్రం ఇది పనికిరాదు. ముందు ప్రెషర్‌తో పొడి దిగకుండా గుడ్డ తగిలితే ఆ పొడే ఉప్పుకాగితమవుతుంది.

మూడవ మెట్టు: పీహెచ్ తెలియకుండా సీసా కొనవద్దు

క్లీనర్ పేరు కంటే, వాసన కంటే, రంగు కంటే ముందు చూడవలసినది దాని పీహెచ్. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నూనె, జిడ్డు, చెమట వంటివాటిని క్షారం విడదీస్తుంది. నీటి సున్నాన్ని, తుప్పును ఆమ్లం కరిగిస్తుంది. పెయింటును రోజువారీగా కడగడానికి తటస్థమైనదే మేలు. సీసా మీద పీహెచ్ రాయని సరుకును, దాని భద్రతా సమాచార పత్రం అడిగితే ఇవ్వలేని అమ్మకందారుని వదిలిపెట్టండి. పీహెచ్ పేపర్ల పుస్తకం ఒకటి దగ్గర ఉంచుకుంటే, చిల్లరగా పోయించుకున్న ద్రావణాన్ని కూడా నిమిషంలో పరీక్షించుకోవచ్చు.

ఈ విషయాన్ని నేను ఒక మరక దగ్గర నేర్చుకున్నాను. పని మొదలుపెట్టిన కొత్తల్లో, పూజ చేయించుకుని నేరుగా వచ్చిన ఒక కొత్త కారులో లేత గోధుమరంగు సీటు అంచున బొటనవేలంత పసుపు మరక ఉంది. చేతిలో ఉన్న ఆల్ పర్పస్ క్లీనర్‌ను, అంటే ఏపీసీని, చిక్కగానే కొట్టి బ్రష్ వేశాను. బ్రష్ కింద నురుగు ముందు నారింజరంగుకు, చూస్తుండగానే ఇటుకరంగుకు తిరిగింది. రుద్దేకొద్దీ ఎరుపు పాకింది. మన ఇళ్లలో పసుపులో సున్నపునీళ్లు కలిపి పెళ్లికూతురి పాదాలకు పారాణి దిద్దుతారు. నేను ఆ సీటుకు చేసింది సరిగ్గా అదే. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది, ఏపీసీ పీహెచ్ సాధారణంగా 10 నుంచి 12 మధ్య ఉంటుంది.

యజమానికి జరిగింది జరిగినట్టు చెప్పి, కారును రెండు రోజులు ఉంచుకున్నాను. నీళ్లలో పలచన చేసిన తెల్ల వెనిగర్ అద్దగానే ఎరుపు తిరిగి పసుపయింది. తరువాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తెల్లటి గుడ్డను తడిపి, రుద్దకుండా అద్దుతూ, గుడ్డకు రంగు ఎక్కిన ప్రతిసారీ కొత్త మడత మార్చుతూ పోతే చాలావరకు వచ్చింది. మిగిలిన లేత ఛాయ, తలుపు తెరిచి రెండు మధ్యాహ్నాలు ఎండ తగలనిస్తే వెలిసిపోయింది. కర్క్యుమిన్ వెలుతురుకు నిలవదు. ఇప్పుడు పసుపు మరకకు నా వరుస ఇదే, కాకపోతే మొదట్లో తడి తగలనివ్వకుండా పొడి పసుపును వ్యాక్యూమ్‌తో పీల్చివేస్తాను.

పులిహోర మరకలో నూనె, పసుపు రెండూ ఉంటాయి. నూనె క్షారాన్ని కోరుతుంది, పసుపుకు అది గిట్టదు. అందుకే అక్కడ ఏపీసీ జోలికి పోకుండా తటస్థ షాంపూ నురుగుతో నూనెను తీసి, ఆ తరువాత ఆల్కహాల్‌తో పసుపును అద్దాలి. లడ్డూ నెయ్యి ఒక్కటే అయితే ఏపీసీ నిశ్చింతగా వాడవచ్చు. గట్టిపడిన నెయ్యిని ప్లాస్టిక్ రేకుతో గీకి తీసి, ఏపీసీని గోరువెచ్చటి నీటితో ఒకటికి పది పాళ్లు పలచన చేసి వాడండి.

నాలుగవ మెట్టు: అవసరమైన క్లీనర్లు

తటస్థ కార్ షాంపూ, ఒక స్నో ఫోమ్ (చేయి తగలకముందే మురికిని నానబెట్టే చిక్కటి నురుగు), ఒక ఏపీసీ, ఐరన్ రిమూవర్, ఎంజైమ్ క్లీనర్, అమ్మోనియా లేని గ్లాస్ క్లీనర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీటి మరకల కోసం తేలికపాటి ఆమ్ల క్లీనర్. మొదటి ఆరు నెలలు ఈ ఎనిమిదితో గడుస్తాయి. గిన్నెలు తోమే ద్రవం చవకే గానీ, అది పెయింటు మీది వ్యాక్సును కూడా లాగేస్తుంది కనుక షాంపూకు బదులుగా వాడకండి. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ సన్ ఫిల్మును పాడుచేస్తుంది.

ఐరన్ రిమూవర్ గురించి మన ఊళ్లో ఎంత చెప్పినా తక్కువే. బ్రేక్ దుమ్ములోని ఇనుప రేణువులు వేడిమీద చక్రపు పూతలోకి దిగిపోతాయి, షాంపూకు రావు. ఐరన్ రిమూవర్‌లోని థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిసి ఊదారంగుకు తిరుగుతుంది. అలాయ్ చక్రం నుంచి ఊదా ధారలు కారడం చూస్తే ఎక్కడ ఎంత పట్టిందో అర్థమవుతుంది. మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఆరకముందే కడిగివేయాలి. వాసన ఘాటుగా ఉంటుంది, గాలి ఆడేచోట చేయండి. కొండ దిగి నేరుగా వచ్చిన బండికి మాత్రం వెంటనే నీళ్లు కొట్టకండి. కాగుతున్న డిస్కు మీద చన్నీళ్లు పడితే అది వంకరపోయే ప్రమాదముంది. అరగంట ఆగి, చక్రం దగ్గర చేయి పెడితే సెగ తగలనప్పుడు మొదలుపెట్టండి.

అలాయ్‌లు మెరవడానికి కొందరు గాఢమైన ఆమ్ల ద్రావణాలు అమ్ముతారు. వాటిలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ అమ్మోనియం బైఫ్లోరైడ్ గానీ ఉంటే దుకాణంలోకి రానివ్వకండి. చర్మం మీద పడినప్పుడు వెంటనే మంట పుట్టకపోవచ్చు, కానీ లోపలి కండను, ఎముకను దెబ్బతీస్తుంది. మీ దగ్గర పనిచేసే కుర్రవాడు చక్రాల దగ్గర ఒట్టి చేతులతో కూర్చుంటాడన్నది మరవవద్దు. బాత్రూమ్ టైల్స్ కడిగే యాసిడ్ కూడా అలాయ్‌కు పనికిరాదు.

వాంతికి ఎంజైమ్ క్లీనర్ తప్ప వేరే దారి వెతకవద్దు. ఘనపదార్థాన్ని తీసివేసి, చల్లటి నీటితో తడిపి, ఎంజైమ్‌ను సీటు లోపలి స్పాంజి దాకా దిగేంతగా పోసి, పదిహేను ఇరవై నిమిషాలు తడిగా ఉంచాలి. వేడినీళ్లు గానీ స్టీమ్ గానీ ముందే తగిలితే అందులోని మాంసకృత్తులు గుడ్డకు పట్టేస్తాయి, ఎంజైమ్ కూడా చచ్చిపోతుంది. అత్తరు చల్లి అప్పగించిన కారు మరుసటి మధ్యాహ్నపు ఎండకు మళ్లీ వాసన కొడుతుంది.

పలచన లెక్క ఒక్కసారి సరిగ్గా నేర్చుకుంటే డబ్బు మిగులుతుంది. ఒకటికి పది అంటే ఒక పాలు ద్రావణం, పది పాళ్లు నీరు, మొత్తం పదకొండు పాళ్లు. లీటరు సీసాకు 91 మిల్లీలీటర్ల ద్రావణం పోసి మిగతాది నీటితో నింపాలి. ఒకటికి నాలుగు అయితే 200 మిల్లీలీటర్లు. ధర పోల్చేటప్పుడు డబ్బా ధరను కాకుండా, పలచన చేసిన లీటరు ఎంత పడుతుందో పోల్చండి. లీటరు 300 రూపాయల ద్రావణాన్ని ఒకటికి నాలుగు కలపాలంటే వాడుక లీటరుకు 60 రూపాయలు. 550 రూపాయలదాన్ని ఒకటికి పది కలిపితే 50 రూపాయలే.

ఐదవ మెట్టు: గుడ్డలు, బ్రష్‌లు

మెకానిక్ షెడ్డుల్లో వాడే బనియన్ వేస్టును పెయింటుకు తగలనివ్వకండి. నల్ల కారును సాయంత్రపు ఎండలో చూసినప్పుడు సూర్యుని చుట్టూ సాలెగూడులా కనిపించే గీతలలో ఎక్కువ భాగం గుడ్డల వల్ల, కింద పడి మళ్లీ ఎత్తిన స్పాంజీల వల్ల వచ్చినవే. మైక్రోఫైబర్‌ను జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాముల బరువో) చూసి కొనాలి: లోపలి పనికి, చక్రాలకు 250 నుంచి 350, పాలిష్ తుడవడానికి 350 నుంచి 500, ఆరబెట్టడానికి 600కు పైన. పెయింటుకు వాడేదానికి కుట్టిన అంచు ఉండకూడదు. పాలియెస్టర్ 70, పాలియమైడ్ 30 పాళ్లున్నది 80-20 కంటే మెత్తగా ఉంటుంది, నీరు బాగా పీలుస్తుంది. అనుమానం ఉంటే అంచు నుంచి ఒక పోగు తీసి నిప్పు చూపించండి. కరిగి ముద్దయితే మైక్రోఫైబర్, కాగితంలా మండి బూడిదైతే నూలు కలిసినట్టు.

రంగులవారీగా విడదీయడం తప్పనిసరి. మా దగ్గర నీలం పెయింటుకు, బూడిదరంగు లోపలికి, నల్లనిది చక్రాలకు. చక్రం తుడిచిన గుడ్డ ఎన్నిసార్లు ఉతికినా దానిలో ఇనుప రేణువు మిగులుతుంది. ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, పోగులు మూసుకుపోయి నీరు పీల్చడం మానేస్తాయి.

కడగడానికి రెండు బకెట్లు, రెండింటి అడుగునా ఇసుక పైకి లేవకుండా ఆపే జాలీ, ఒక మైక్రోఫైబర్ మిట్ (చేతికి తొడుక్కుని కారును రుద్దే తొడుగు) అవసరం. చందనానికి మెత్తని పొడవాటి వెంట్రుకల బ్రష్ ఒకటి కొనండి. హెడ్‌రెస్టు మీద చందనం తడిగా ఉంటే ముట్టుకోకుండా ఆరనిచ్చి, బ్రష్‌తో రాలుస్తూ పక్కనే వ్యాక్యూమ్ పట్టుకుంటే మూడు వంతులు పొడిగానే వచ్చేస్తుంది. బానెట్ మీది చందనానికి ఇది వర్తించదు. అక్కడ పొడిగా రుద్దితే గీతలు పడతాయి కాబట్టి నురుగుతో నానబెట్టి నీటితోనే దింపాలి.

ఆరవ మెట్టు: మిషన్లు

అప్పు చేసైనా మంచిది కొనవలసినది ప్రెషర్ వాషర్ ఒక్కటే. ఇంటివాడకం వాషర్లలో సాధారణంగా యూనివర్సల్ మోటారు ఉంటుంది. అది రోజుకు పది పదిహేను కార్లకు నిలవదు. ఇండక్షన్ మోటారు ఉన్నది బరువెక్కువ, ధర ఎక్కువ, కానీ శబ్దం తక్కువ, ఏళ్లపాటు నడుస్తుంది. బార్ (నీటి పీడనపు కొలత) సంఖ్య చూసి మురిసిపోకండి. కారుకు 100 నుంచి 130 బార్ చాలు. మట్టిని తోసుకుపోయేది నీటి ప్రవాహం కనుక నిమిషానికి ఎన్ని లీటర్లో అడగండి, 8కి తగ్గకుండా చూసుకోండి. నాజిల్‌లలో తెల్లని 40 డిగ్రీలది పెయింటుకు, ఆకుపచ్చని 25 డిగ్రీలది చక్రాల గూళ్లకు. ఎర్రని సున్నా డిగ్రీలదాన్ని కుర్రవాళ్లకు అందనిచోట దాచండి, అది పెయింటును లేపేస్తుంది.

వ్యాక్యూమ్ తడి, పొడి రెండూ పీల్చేదై, 20 లీటర్లకు తగ్గని డబ్బాతో, మార్చుకునే ఫిల్టరుతో ఉండాలి. వాంతి, నెయ్యి పనులు ఎక్కువగా వచ్చేచోట నీరు చల్లి వెంటనే లాగే ఎక్స్‌ట్రాక్టర్ తొందరగానే ఖర్చు రాబడుతుంది. స్టీమ్ మిషన్ తరువాత కొనుక్కోవచ్చు.

పాలిషర్ విషయంలో తొందర కూడదు. కారు పైపూత, అంటే క్లియర్ కోట్, సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లే, తలవెంట్రుక కంటే పలచన. ప్రతి కోత పాలిషూ అందులోంచి కొంత తీసేస్తుంది, తీసినది తిరిగి రాదు. రోటరీ మిషన్ ఒకేచోట వేడి పుట్టించి అంచుల దగ్గర పూతను కాల్చివేయగలదు. డ్యూయల్ యాక్షన్ మిషన్ తిరుగుతూ ఊగుతుంది కనుక నేర్చుకునేవారికి క్షేమం. 15 మిల్లీమీటర్ల త్రో (ప్లేటు ఊగే వెడల్పు), ఐదంగుళాల ప్లేటు ఉన్నది అన్ని ప్యానెళ్లకూ సరిపోతుంది. దానితోపాటు పెయింట్ మందాన్ని కొలిచే గేజ్ కూడా కొనండి. లేకపోతే ఇంతకుముందు ఎవరెవరు ఎంత గీకారో తెలియకుండానే మీరు ఆఖరి పొరకు చేరవచ్చు.

నీళ్ల మధ్య కరెంటు మిషన్లు నడుస్తాయి కాబట్టి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు), సరైన ఎర్తింగ్ లేకుండా ఒక్క ప్లగ్గు కూడా పెట్టకండి.

ఏడవ మెట్టు: మెరుపు ద్రావణాలు

డ్యాష్‌బోర్డు నూనె రాసినట్టు తళతళలాడాలని అడిగే కస్టమర్లు ఉంటారు. వారికి నచ్చజెప్పి మెరవని రకం, అంటే మ్యాట్ ఫినిష్ డ్రెస్సింగే (ప్లాస్టిక్‌కు, రబ్బరుకు రాసే పూత) వాడండి. మెరిసే డ్యాష్‌బోర్డు ముందు అద్దంలో ప్రతిబింబిస్తుంది. ఘాట్ రోడ్డు మీద ఎండకు ఎదురుగా మలుపు తిరిగే డ్రైవరుకు ఆ మెరుపు రోడ్డును కప్పేస్తుంది. ఇది అందం సంగతి కాదు, ప్రాణాల సంగతి. అదే కారణంగా స్టీరింగుకు, పెడళ్లకు ఏ డ్రెస్సింగూ తగలకూడదు. టైర్లకు నీటి ఆధారిత డ్రెస్సింగ్‌ను పక్క గోడకు మాత్రమే పలచగా రాసి, రోడ్డుకు తగిలే భాగాన్ని వదిలేయండి.

ఎనిమిదవ మెట్టు: నిల్వ, పరీక్ష

రేకుల షెడ్డులో ఏప్రిల్, మే నెలల వేడికి ఎంజైమ్ క్లీనర్ శక్తి కోల్పోతుంది, వ్యాక్సు విడిపోతుంది. సిమెంటు గదిలో, నేలకు దగ్గరగా ఉంచండి. పలచన చేసిన ప్రతి సీసా మీదా పేరు, పాళ్లు, తేదీ రాయండి. మంచినీళ్ల సీసాలో ఏ ద్రావణాన్నీ పోయకండి. బ్లీచింగ్ ద్రవాన్ని, ఆమ్ల క్లీనర్‌ను ఒకే అరలో పెట్టవద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. నైట్రైల్ గ్లోవ్స్, కళ్లద్దాలు మిషన్ల బడ్జెట్‌లోనే లెక్కవేసుకోండి.

కొత్త ద్రావణం ఏదైనా ముందు 500 మిల్లీలీటర్లే తెచ్చి, మూడు వేర్వేరు కార్లలో, సీటు కింద కనిపించని చోట, నీడలో వాడి చూడండి. మరుసటి రోజు ఎండలో మళ్లీ చూసి, రంగు మారలేదని, జిగురు మిగలలేదని నిర్ధారించుకున్నాకే ఐదు లీటర్ల డబ్బాకు డబ్బు కట్టండి. ఆ ఫలితాన్ని కూడా మొదటి మెట్టులో పెట్టుకున్న నోటుపుస్తకంలోనే, ఆ మరక పక్కన రాయండి.